తీర్థంలో కలిపిన మాత్ర

మా వంశంలో మిగిలిన వెండి అంతా ఇప్పుడు నా గూట్లో, ఒక గాజు గ్లాసులో నిలబడి ఉంటుంది. అది ఒక ఉద్ధరిణ. గుడిలో తీర్థం ఇచ్చే చిన్న చెంచా. కాడ చివర పాము పడగ ఉండేది. నాలుగు తరాల వేళ్ళు తగిలి తగిలి ఆ పడగ చింతగింజలా నున్నబడిపోయింది.

రోగులను చూసుకునే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నిజాంపేటలో నా గదికి వస్తుంటారు. టీ తాగుతూ, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఎవరి ప్రాణమో కాపాడిన కథ వస్తుందని వాళ్ళ ఆశ. నేను ఈ చెంచా తీసి చూపిస్తాను. దీనితో నేనొక తప్పు చేశాను. అది తప్పని ఒప్పుకోవడానికి నాకు వారం రోజులు పట్టింది. మా వంశంలో అది చాలా తక్కువ వ్యవధి. మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు చాలలేదు.

వంశం మాట ఎత్తాను కాబట్టి అదీ చెప్పాలి. మేము గోదావరి వైపు ఒక ఊళ్ళో గుడికి ధర్మకర్తలం. అర్చకుడు గర్భగుడిలోంచి బయటికి రాగానే మొదటి తీర్థం మా తాతగారి చేతిలో పడాలి. ఆ తర్వాతే ఊరు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి వచ్చి ముందు నిలబడితే, అర్చకుడు ఆయన్ని దాటుకుని వచ్చి తాతగారికే ఇచ్చాడని మా ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. భూమి తాతగారి వ్యాజ్యాల్లో సగం, నాన్నగారి రొయ్యల చెరువుల్లో సగం పోయింది. గుడి దేవాదాయ శాఖ కిందికి వెళ్ళింది. మొదటి తీర్థం ఇప్పుడు ఎవరు ముందు నిలబడితే వాళ్ళకి. నాకు దక్కినవి రెండే, ఈ ఉద్ధరిణ, వంగని వెన్ను.

నలభై దాటాక హైదరాబాదు వచ్చాను. మొదట ఒక హాస్టల్లో మేనేజరుగా కూర్చున్నాను. కుర్రాళ్ళు నన్ను "అంకుల్, చట్నీ!" అని కేకేసేవాళ్ళు. చట్నీ అందించడానికి పుట్టలేదనుకుని అది మానేశాను. మూడు నెలల శిక్షణ తీసుకుని, గోపన్‌పల్లిలో ఒక సెంటర్లో కేర్ టేకరుగా చేరి, పద్నాలుగేళ్ళు బెడ్ పాన్లు అందించాను. వెన్ను నిటారుగా పెట్టుకునే అందించాను. ఊళ్ళో బంధువులకు మాత్రం ఆస్పత్రి నిర్వహణలో ఉన్నానని చెప్పాను.

మా సెంటరు పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక ఆపరేషన్ అయినవాళ్ళు నాలుగైదు నెలలు ఉండి, కోలుకుని ఇంటికి వెళ్ళే చోటు. నేను చేరిన ఏడాదికి అక్కడికి ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు వచ్చారు. ఆయనకు తుంటి ఆపరేషన్‌తో పాటు మతిమరుపు జబ్బు కూడా ఉంది. మాత్ర కనిపిస్తే పళ్ళు బిగించేసేవారు. ముగ్గురు పట్టుకున్నా లాభం లేదు. ఒకరోజు నాకు ఆలోచన తట్టింది. నలపదగిన మాత్రేనా అని సిస్టర్‌ని అడిగి, నలిపి, చెంచాడు నీళ్ళలో కలిపి, తులసి దళం, చిటికెడు పచ్చకర్పూరం వేసి, ఉద్ధరిణతో తీసుకుని శ్లోకం అందుకున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్న స్వరం, బాగానే పలికింది. ఇంజనీరుగారి కళ్ళు మెత్తబడ్డాయి. ఆయన కుడి చెయ్యి దానంతటదే లేచి, పుడిసిలి పట్టింది. తాగి, తడి చేతిని తలకు రాసుకున్నారు. అందరూ నావైపు చూశారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక గదిలో అందరూ నావైపు అలా చూశారు.

అప్పటినుంచి మందు మింగని వాళ్ళందరికీ నన్నే పిలిచేవారు. మా మేనేజరు, ముప్పై ఏళ్ళ కుర్రవాడు, కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "ఈయన పేషెంటు నో అనడం మీరు చూడరు" అనేవాడు. నాకు తీర్థంగారు అని పేరు పడింది. ఎగతాళిగానే పెట్టారు, నేను బిరుదులా మోశాను. ఆ ఇంజనీరుగారి విషయంలో చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆయనకు మాత్ర ఏమిటో తెలియదు, చెప్పినా నిలవదు. కానీ ఒకరికి వాడినది అలవాటైపోయి, అడిగితే అర్థం చేసుకోగల మనిషికి కూడా వాడేశాను. ఆ మనిషి గురించే ఇదంతా.

ఆమెది పాలమూరు వైపు పల్లె. అరవై ఎనిమిదేళ్ళు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ, నాలుక మీద పదును ఏమాత్రం తగ్గలేదు. భర్తతో కలిసి ఈ చుట్టుపక్కల కడుతున్న మేడలకు కంకర మోసిన మనిషి. కూతురిని చదివించింది. ఆ అమ్మాయి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం చేస్తుంది. రోజూ ఆఫీసు బస్సు దిగి, తల్లి దగ్గర గంట కూర్చుని వెళ్ళేది.

మొదటిరోజు ఆమె మంచాన్ని కిటికీ వైపు తిప్పుతుంటే, వేలు చూపించింది. "గా అద్దాల బిల్డింగు ఉన్నది సూడు. నాలుగో అంతస్తు దాక నేను తట్ట మోసిన."

"మీ అమ్మాయి పనిచేసేది అందులోనేనా అమ్మా?"

"కాదు, పక్కది. అది మేం కట్టలే. గందుకే అండ్ల ఏసీ సక్కగ పని చెయ్యదంట."

నేను నవ్వను. ఉద్యోగంలో నవ్వకూడదని నాకొక నియమం. ఆరోజు తప్పింది.

ఆమె వచ్చిన మొదటి శనివారం, పొద్దున్నే స్నానం చేయించాక, మాత్రలు తీసుకెళ్తే తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల ఒక్కపొద్దు. చాయ్ తాగుత. మెతుకు గాని మందు గోళి గాని నోట్లె వడొద్దు. పొద్దుగూకినంక దీపం వెట్టి, అప్పుడు తింట."

"మందుకి కూడా ఉపవాసమా అమ్మా?"

"గదే గదా మొక్కు. ఏడు శనివారాలు నువ్వే దిక్కు అన్న, కురుమూర్తి సామికి. నా కాళ్ళ మీద నేను నీ గుట్ట ఎక్కాలె అన్న. మందు మింగుకుంట, నువ్వే దిక్కు అంటే సామి నవ్వడా?"

మందుల గదిలో సిస్టర్ నన్ను పట్టుకుంది. ఆవిడ గుంటూరు వైపు మనిషి, పాతికేళ్ళు వార్డుల్లో పనిచేసింది. ఆదివారం చర్చికి వెళ్ళాకే డ్యూటీకి వచ్చేది. నన్ను బాబాయ్ గారూ అనేది.

"పక్షవాతం వచ్చి నెల కూడా కాలేదు. బీపీ మాత్ర పొద్దున్నే పడాలని రాసి ఉంది. డాక్టరుగారికి ఫోన్ చెయ్యనా బాబాయ్ గారూ?"

"దీనికి డాక్టరెందుకమ్మా, నాకు వదిలెయ్యండి" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా తప్పు ఈ మాటలోనే ఉంది, చెంచా తర్వాత వచ్చింది.

ఉద్ధరిణ చూడగానే ఆమె ముఖం మారిపోయింది. ఎడమ చెయ్యి చాపి, వేళ్ళు దగ్గరికి ముడిచి, తీర్థం పట్టింది. తాగి, తడి చేతిని పాపిట మీద రాసుకుంది. కళ్ళు తెరిచి, "ఏ గుడిది అయ్యగారూ?" అంది.

"మా వంశపు గుడి" అన్నాను. ఆ గుడి గడప తొక్కి అప్పటికి పదకొండేళ్ళు.

సిస్టర్ పుస్తకంలో 'ఉదయం మాత్ర ఇవ్వబడింది' అని రాసి సంతకం పెట్టింది. నాతో ఏమీ అనలేదు. మరుసటి శనివారం అదే. ఆ పై శనివారం అదే. ఆమె నాకోసం ఎదురు చూడడం మొదలుపెట్టింది. కూతురితో, "గీ ఆయన మంచి ఇంటోడు. శనివారం శనివారం నాకు తీర్థం తెస్తడు" అని చెప్పింది. నాలుగో వారానికి కుడి కాలి వేళ్ళు కదిలాయి. "సూసినవా, సామి ఇంటున్నడు" అంది. ఫిజియోథెరపీ అమ్మాయి వింటూ పళ్ళు కొరుక్కుంది. నేను గంభీరంగా తల ఊపాను. నిజం చెప్పాలంటే ఆ వారాల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను. మా తాతగారి తర్వాత మా ఇంటి పేరు మీద ఒక మనిషి ముఖం వెలగడం అదే మొదలు.

ఏడో శనివారం మొక్కు తీరే రోజు. కూతురు సెలవు పెట్టుకుని, కొబ్బరికాయ, పూలు తీసుకుని పొద్దున్నే వచ్చింది. ఆ వారమే డాక్టరుగారు మాత్ర మార్చారు. కొత్త మాత్ర సరిగ్గా కరగలేదు. నేను చూసుకోలేదు, శ్లోకం మీదే నా ధ్యాస. ఆమె తీర్థం తాగి, చెయ్యి తలకు రాసుకుంది.

కూతురు వంగి చూసింది. "అమ్మా, పాపిట్ల తెల్లగ ఏందిది?"

వేలితో తీసి, రుద్ది, వాసన చూసి, నావైపు చూసింది. తప్పులు పట్టే ఉద్యోగం కదా. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. కోప్పడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది.

"అంకుల్! మాత్ర కలుపుతున్రా? సూపర్ ఐడియా అంకుల్. నేను ఒకటే పరేషాన్ అయితున్న, శనివారాలు మందు ఎట్ల అని."

నేను కూడా చిన్నగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఎందుకంటే మంచం మీద మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఏం కలిపిన్రు?" అంది.

నేను ఉద్ధరిణని జేబులో పెట్టుకున్నాను.

"ఏడు వారాలు కలిపిన్రా?"

"నీ మంచికే అమ్మా" అంది కూతురు.

ఆమె తన అరచేతిని తిప్పి చూసుకుంది. తడి ఇంకా ఆరలేదు. దుప్పటికి గట్టిగా తుడుచుకుంది. "అయితే ఒక్కపొద్దు ఒక్కటన్న నిలువలే. సామి ముంగట నేను దొంగనైన" అని గోడ వైపు తిరిగింది.

కొబ్బరికాయ ఆరోజు కొట్టలేదు.

మర్నాటి నుంచి ఆమె మా చేతి నుంచి ఏదీ తీసుకోలేదు. మాత్ర తీసుకోలేదు, జావ తీసుకోలేదు. కూతురు ఇంటి నుంచి తెచ్చిన అన్నం, మూత తానే తీస్తేనే తినేది. మంచినీళ్ళు కూడా గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి తాగేది. సోమవారానికి బీపీ నూట ఎనభై. డాక్టరుగారు వచ్చి, ఇలాగే ఉంటే మళ్ళీ పక్షవాతం వస్తుందని, ఈసారి మాట కూడా పోవచ్చని, శనివారానికి కూడా నోరు తెరవకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలని చెప్పి వెళ్ళారు.

మేనేజరు నన్ను పిలిచాడు. "మీరు ఆ రూముకి వెళ్ళకండి అంకుల్. వేరేవాళ్ళని పెడతాను. వాళ్ళు చాయ్‌లో కలిపేస్తారు."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం మంచిదేం కాదు. నా పనిని ఇంకొకరు సరిచెయ్యడం నాకు నచ్చలేదు. "నేను చేసింది ఆమె ఆరోగ్యానికే. ఆవిడే అర్థం చేసుకుంటుంది" అన్నాను.

బుధవారం కూతురు ఆఫీసు మానేసి, తెల్లవారకముందే బయలుదేరి కురుమూర్తి గుట్టకి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. పూజ చేయించిన ప్రసాదం ఆకులో కట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. నేను గుమ్మం బయట నిలబడి ఉన్నాను. కూతురు ఆకు విప్పింది. తల్లి చెయ్యి చాపబోయింది. ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇండ్ల ఏం కలిపిన్రు బిడ్డా?"

"అమ్మా, ఏం కలపలే! సామి దగ్గరికెల్లి నేనే తెచ్చిన. నీ మీద ఒట్టు."

"ఆయన గూడ గుడిదే అన్నడు."

ఆకు మడిచి పక్కన పెట్టేసింది. కూతురు వరండాలోకి వచ్చి, గోడకు ఆనుకుని ఏడ్చింది. "నేనే నవ్విన అంకుల్" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నం మందుల గదిలో సిస్టర్ దగ్గర నా వాదన మళ్ళీ మొదలుపెట్టాను. మాత్ర పడింది, మనిషి బాగుపడింది, ఇందులో పాపమేమిటి అన్నాను. సిస్టర్ మాత్రలు లెక్కపెడుతూ తలెత్తకుండానే అంది.

"బాబాయ్ గారూ, నేను చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాను. అందులో ఎవరో మందు కలిపారని, అది నా మంచికే కలిపారని తెలిసిందనుకోండి. ఆ మందు నాకు మంచే చెయ్యొచ్చు. కానీ మళ్ళీ ఆ బల్ల దగ్గరికి నేను వెళ్ళలేనండి."

నాకు కోపం వచ్చింది. "మరి ఏడు వారాలు సంతకం పెట్టారేం?"

"పెట్టాను. మీ దేవుడి విషయం కదా, నేను నోరెత్తితే బాగుండదని ఊరుకున్నాను. మా ప్రభువు విషయమైతే ఊరుకునేదాన్ని కాదు. మీది మీ తప్పు, నాది నా తప్పు." అప్పుడు తలెత్తింది. "ఇంకోటి చెప్పనా? ఇందాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఈమె మాత్రలు సాయంత్రానికి మార్చవచ్చా అని అడిగాను. 'మార్చండి, రోజూ సాయంత్రమే ఇవ్వండి, ఏం ఫర్వాలేదు' అన్నారు. ఒక్క నిమిషం పట్టింది."

ఒక్క నిమిషం. ఏడు వారాల కిందట అడిగి ఉంటే ఆమె ఒక్కపొద్దు ఆమెకు నిలిచేది, మాత్ర మాత్రగానే పడేది, మా ఉద్ధరిణ గూట్లో ఉండేది. దీనికి డాక్టరెందుకు అన్నది నేనే. ఈమె నమ్మకం నాకు తెలిసినదే కదా, ఇంకా అడిగేదేముంది అనుకున్నాను. గుడి మాది అనుకుని పెరిగినవాడికి వచ్చే జబ్బు ఇది. సిస్టర్ తనకు తెలియని దేవుడు కాబట్టి మాట్లాడలేదు. నాకు తెలిసిన దేవుడు కాబట్టి అడగలేదు. ఇద్దరం ఒకే చోట పడ్డాం.

ఆ రెండు రోజులూ నాకు తాతగారి అరచెయ్యి గుర్తొస్తూనే ఉంది. మొదటి తీర్థం కోసం ఆయన చెయ్యి చాపితే ఆ చేతిలో అనుమానం ఉండేది కాదు. అది ఆయన పెద్దరికం అనుకునేవాణ్ణి. కాదు. ఇచ్చేవాడి మీద నమ్మకం. ఆ కంకర మోసిన చెయ్యి కూడా నా ముందు సరిగ్గా అలాగే చాపుకుంది.

శనివారం ఉదయం నేను ఆ గదికి వెళ్ళాను. చేతిలో ఉద్ధరిణ మాత్రమే ఉంది, నీళ్ళు లేవు. ఆమె చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర ఉంది. నన్ను చూసి నోరు బిగించుకుంది. నేను ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. కూర్చోలేదు. నేల మీద కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు రెండూ చప్పుడు చేశాయి.

"అమ్మా, నేను తీర్థమని చెప్పి మీకు ఏడు వారాలు మందు పోశాను. అది ఏ గుడి తీర్థమూ కాదు, కుళాయి నీళ్ళు. మీకు చెప్పకుండా మీ మొక్కు పాడుచేశాను. నన్ను క్షమించండి."

ఆమె నేల మీది నా మోకాళ్ళ వైపు చూసింది.

"మీ ఇంట్ల ఎవలన్న ఎవలికన్న గిట్ల మాఫీ అడిగిన్రా?"

"లేదమ్మా."

"మరి నువ్వెట్ల అడుగుతున్నవ్?"

"అడగడం రాకుండానే అడుగుతున్నాను."

"గందుకే పాఠం అప్పజెప్పినట్టు ఉన్నది" అంది. పెదవి కొస కొంచెం కదిలింది. మళ్ళీ బిగిసింది. "మందు ఇయ్యొద్దని నేను అన్లే. మందు అని చెప్పి ఇస్తే, నేను మింగనంటే, నాకు నీకు లొల్లి అయితుండె. లొల్లి కానియ్యకపోతివి. నన్ను పిచ్చిదాన్ని చేస్తివి."

"అవునమ్మా."

డాక్టరుగారు చెప్పింది చెప్పాను. ఇకమీదట మాత్రలు సాయంత్రం, దీపం పెట్టి భోజనం చేశాక. రంగు, పేరు చూపించే ఇస్తాం. వద్దంటే వద్దు, కానీ వద్దంటే ఏమవుతుందో కూడా చెబుతాం. ఆమె విన్నది. కిటికీ బయట తన అద్దాల మేడ వైపు చూసింది.

"నా ఏడు శనివారాలు పోయినయి. మళ్ళ ఇయ్యాలటి సంది మొదలువెడత. ఇరగ్గొట్టినోడివి నువ్వు. నువ్వు గూడ పట్టు."

"ఏమిటమ్మా?"

"ఒక్కపొద్దు. ఏడు. పట్టినవంటే, నీ చేతికెల్లి గోళి మింగుత. లేకుంటే ఆ గొట్టమే వెయ్యుమను."

ఒక విషయం చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ ఉపవాసాలు ఉండేవారు కాదు. ఉపవాసం ఉన్న ఊరికి మేము ఫలహారాలు పెట్టేవాళ్ళం. నేను పుట్టి ఒక పూట అన్నం మానింది లేదు, అది కూడా వంశ మర్యాదే అనుకునేవాణ్ణి. అయినా సరేనన్నాను. ఆరోజు సాయంత్రం దీపం పెట్టాక ఆమె అన్నం తిని, మాత్ర చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నా కళ్ళలోకి చూస్తూ మింగింది. నా అన్నం నేను తిన్నాను. అంత రుచి ఎప్పుడూ ఎరగను.

మేనేజరు కంగారుపడ్డాడు. "పేషెంటు కోసం స్టాఫ్ ఉపవాసం ఉండడం మన రూల్సులో లేదు అంకుల్."

"పేషెంటు కోసం కాదు బాబూ. నాకు పడిన శిక్ష."

మీరూ దీన్ని నియమంగా తీసుకోకండి. రేపు మీ పేషెంటు ఏ దేవుణ్ణి మొక్కినా మీరు ఆ దేవుణ్ణి మొక్కనక్కర్లేదు. దీపానికి అగ్గిపుల్ల గీసి ఇవ్వడానికి నమ్మకం అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు. నమాజుకి కుర్చీ తిప్పమంటే తిప్పండి. ఏ పూజా వద్దనేవాళ్ళ గదిలో బంధువులు పటం తెచ్చి పెడితే, ఉంచాలా అని ఆ మనిషినే అడగండి. నేను చేసినది మాత్రం చెయ్యకండి. పని జరగడం కోసం వాళ్ళ దేవుడి పేరు అరువు తీసుకోకండి.

శనివారాలు గడిచాయి. రెండో వారం పదకొండు గంటలకు వంటగదిలోంచి ఉప్మా తాలింపు వాసన వచ్చింది. ఆమె నన్ను గమనిస్తూనే ఉంది.

"ఏమాయె అయ్యగారూ, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయా?"

"లేదమ్మా."

"అబద్ధం. మళ్ళ షురూ చేసినవ్."

"ఉరుకుతున్నాయమ్మా."

"గట్ల చెప్పు. జర చాయ్ తాగు, తప్పు లేదు."

సిస్టర్ మా ఇద్దరికీ చాయ్ పంపేది. మూడో వారం తానే తెచ్చి, గ్లాసులు బల్ల మీద పెట్టి, "ఇందులో చక్కెర తప్ప ఏమీ కలపలేదమ్మా" అంది. ఆమె నవ్వి, గ్లాసు వెలుతురులో చూడకుండానే తాగింది. అప్పటికి బీపీ కూడా దారికొచ్చింది. మేనేజరుతో చెప్పి సిస్టర్, పేషెంటు చేరేటప్పుడు నింపే కాగితంలో కొత్తగా ఒక ప్రశ్న పెట్టించింది. ఏ రోజు ఏం తినరు, ఏ వేళకు ఏం చేసుకుంటారు, మేము అందులో ఏం చెయ్యాలి, ఏం ముట్టకూడదు. మేము కుస్తీలు పట్టిన వాటిలో సగం, ఆ ఒక్క ప్రశ్నతో ముందే తేలిపోయేవి. తీర్థంగారు అన్న పేరు మెల్లగా ఆగిపోయింది. నేనేమీ బాధపడలేదు. కొంచెం పడ్డాను.

ఆమె తర్వాత వాకర్ పట్టుకుని నడిచింది. ఇంటికి వెళ్ళాక కొన్ని నెలలకు కూతురు ఫోన్ చేసింది. గుట్ట మీదికి సగం దాకా ఆటోలో వెళ్ళి, చివరి మెట్లు కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కిందట. అది తన కాళ్ళ మీద ఎక్కినట్టు లెక్కకొస్తుందా రాదా అని సామితో అక్కడే పంచాయితీ పెట్టుకుందట.

నేను చెప్పాలనుకున్నది మాత్రం మేమిద్దరం మళ్ళీ పట్టిన మొక్కులో ఏడో శనివారం సాయంత్రం సంగతి. కూతురు గుట్ట నుంచి తీర్థం సీసాలో తెచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. దీపం వెలిగించారు. సిస్టర్ డ్యూటీ అయిపోయినా వెళ్ళకుండా గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె నావైపు తిరిగి, "ఏదీ, నీ చెంచా తే" అంది.

ఇచ్చాను. కుడి చేతిలోకి తీసుకుంది. ఆ చేతికి అప్పటికి అంతంతమాత్రం పట్టు వచ్చింది. గిన్నెలో ముంచి పైకెత్తింది. చెయ్యి వణికి సగం కింద పడింది. కూతురు సాయం పట్టబోతే, మోచేత్తో పక్కకు నెట్టింది.

"రా అయ్యగారూ. మొదలు నీకే."

నేను నిలబడే ఉన్నాను. ఆమె కూర్చుని ఉంది. ఆ చెంచా నా చేతిదాకా రాదు. వంగాలి. చెయ్యి చాపాను కానీ, ఎందుకో ఒక్క క్షణం అలాగే ఉండిపోయాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "ఏం కలపలే. తాగు" అంది.

వంగాను. అరచేతిలో నాలుగు చుక్కలు పడ్డాయి. తాగి, తడి చేతిని తలకు రాసుకున్నాను.